కోరం కోసం కూర్చున్న సిస్టర్

ద్రీకా ఒలిఫాంట్ రాజకీయాల్లోకి కోపంతో వచ్చింది. ఆ మాట ఆమే చెప్పేది. "సేవ చేద్దామని వచ్చాననేవాళ్ళని నమ్మకండి. నేను ఒళ్ళు మండి వచ్చాను" అనేది ఎవరైనా అడిగితే. అడగకపోయినా అనేది.

సౌట్‌ఫ్లెయ్ కరూ మెట్టనేలలో ఓ చిన్న మునిసిపాలిటీ. రైలుకట్టకి ఇవతల పాత ఊరు, అవతల రూయిబ్లోక్ కాలనీ. ఆ కాలనీ క్లినిక్‌లో ద్రీకా ముప్ఫై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసింది. రూయిబ్లోక్‌లో సగం మందిని భూమ్మీద పడగానే మొదట చూసింది ఆమే. అందుకే తర్వాత మేయరైనా, పదవి పోయినా, జనం నోట మాత్రం ఆమె సిస్టరుగానే ఉండిపోయింది.

ఒక జనవరి మధ్యాహ్నం క్లినిక్‌లో ఓ అమ్మాయి నొప్పులు పడుతోంది. బయట నలభై డిగ్రీల ఎండ. ద్రీకా చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పితే బుస్సుమని గాలొచ్చింది. ఇంకాస్త తిప్పింది. మళ్ళీ గాలే. టీ కోసం కెటిల్లో పోసి ఉంచిన నీళ్ళతో చేతులు కడుక్కుంది. బిడ్డను తుడవడానికి నీళ్ళు కావాలి కనుక, కాన్పుకి ఇంకా కాస్త వ్యవధి ఉందని చూసుకుని, రోడ్డు దాటి చర్చి ట్యాంకు దగ్గరికి పోయి రెండు డబ్బాలు మోసుకొచ్చింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. తల్లి ఏడుస్తూ దేవుడికి దణ్ణం పెట్టింది. ద్రీకా మాత్రం కుళాయి వంక చూస్తూ పళ్ళు నూరింది.

ఆ గురువారం కౌన్సిల్ సమావేశానికి వెళ్ళి, జనం కూర్చునే బెంచీలో కూర్చుని చెయ్యెత్తింది. అప్పటి మేయరు ఫిలాండర్. దేశాన్నేలే పెద్ద పార్టీ మనిషి, ఆ కుర్చీలో పదకొండేళ్ళుగా పాతుకుపోయినవాడు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ప్రజలు చూడొచ్చు, వినొచ్చు సిస్టర్. మాట్లాడ్డానికి లేదు."

"మరి క్లినిక్‌లో నీళ్ళు లేవని ఎవరికి చెప్పుకోవాలి?"

"మీ వార్డు సభ్యుడికి."

"మా వార్డు సభ్యుడా? అదిగో, మీ పక్కనే నిద్రపోతున్నాడు."

బెంచీల్లో అందరూ నవ్వారు. ఆ నవ్వుకి వార్డు సభ్యుడు లేచి, ఏదో తీర్మానం కాబోలనుకుని చెయ్యెత్తాడు. దాంతో ఇంకా నవ్వారు. ఫిలాండర్‌కి ముఖం ఎర్రబడింది. "ఇక్కడ మాట్లాడాలనుంటే గెలిచి రండి" అన్నాడు.

"అలాగే" అని ద్రీకా లేచి వచ్చేసింది.

ఇంట్లో భర్త గెర్ట్ ముందు వసారాలో రూయిబోస్ టీ తాగుతున్నాడు. రైల్వేలో సిగ్నల్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఏ రైలొచ్చినా పోయినా కంగారుపడని మనిషి.

"ఏమన్నారు?"

"గెలిచి రమ్మన్నారు."

"ఎక్కడికి?"

"కౌన్సిల్‌కి. నిలబడతాను."

గెర్ట్ కప్పు కింద పెట్టాడు. "ఇంట్లో ఒక్కణ్ణి, నన్నే మాట్లాడనివ్వవు. అక్కడ ఆరుగురు నీకు దొరికిపోతారే పాపం!"

కాలనీవాళ్ళు నలుగురు కలిసి నీళ్ళ సంఘం అని పేరు పెట్టి, చర్చి జెరాక్స్ మిషను మీద పోస్టర్లు తీశారు. ఒలిఫాంట్ అంటే అక్కడి భాషలో ఏనుగు. పెద్ద పార్టీవాళ్ళకి అదే దొరికింది. "ఏనుగుకి ఓటేస్తే ఉన్న నాలుగు చుక్కలూ అదే తాగేస్తుంది" అని మైకులో చెప్పుకుంటూ తిరిగారు. ద్రీకా బజారులో నిలబడి జవాబిచ్చింది. "ఏనుగు నీళ్ళెక్కడున్నాయో వాసనపట్టి తవ్వి తీస్తుంది. ఫిలాండర్‌కి పదకొండేళ్ళుగా వాసన కూడా తగల్లేదు. ముక్కు చూపించుకోమనండి, క్లినిక్‌కి వస్తే నేనే చూస్తాను."

ఓట్లు లెక్కపెడితే ఏడు సీట్లలో పెద్ద పార్టీకి మూడు, పట్నపు పార్టీకి రెండు, నీళ్ళ సంఘానికి ఒకటి, అప్పీ ఫ్రోలిక్‌కి ఒకటి వచ్చాయి. అప్పీ ఊళ్ళో మినీబస్సు టాక్సీలు నడిపేవాడు. బంగారు పన్ను, చేతికి పెద్ద వాచీ, జేబులో ఎప్పుడూ సిగరెట్టు పెట్టె. పార్టీ ఏమిటంటే తన పేరే పార్టీ. రెండు వైపులా నవ్వుతూ కూర్చునే గోడమీది పిల్లి. వాణ్ణి కూడా భూమ్మీదికి తెచ్చింది ద్రీకాయే.

పెద్ద పార్టీని దించాలంటే మిగిలిన నలుగురూ కలవాలి. పట్నపు పార్టీ తరఫున హెస్టర్ నెల్ అనే గొర్రెల ఫారం యజమానురాలు మేయరు కావాలనుకుంది. అప్పీ ఒప్పుకోలేదు. అప్పీ కావాలనుకున్నాడు, హెస్టర్ ఒప్పుకోలేదు. నాలుగు రోజులు వాదించుకుని, ఇద్దరికీ విసుగెత్తి, చివరికి ద్రీకా వైపు తిరిగారు. ఎవరికీ నచ్చకపోయినా అందరూ భరించగల మనిషి ఆమె ఒక్కతే అని తేలింది. అలా ఒకే ఒక్క సీటుతో ద్రీకా ఒలిఫాంట్ సౌట్‌ఫ్లెయ్ మేయరైంది.

మెళ్ళో మేయరు గొలుసు పడింది కానీ చేతికి ఒక్క తాళంచెవి రాలేదు. ఆ సంగతి మొదటి వారంలోనే బోధపడింది.

కాలనీకి నీళ్ళిచ్చే మూడో బోరు మోటారు కాలిపోయి పద్నాలుగు నెలలైంది. కొత్తది కొనిపెట్టారా అని అడిగింది. ఎప్పుడో కొన్నామన్నారు. ఎక్కడుంది? మునిసిపల్ యార్డులో, స్టోరుగదిలో. మరి బిగించరేం? ఈ ప్రశ్నకి జవాబు చెప్పేవాడు తాత్కాలిక మునిసిపల్ మేనేజరు డామన్స్. మూడేళ్ళుగా తాత్కాలికంగానే ఉన్న మనిషి. అందుకని ఏ కాగితం మీదా శాశ్వతంగా సంతకం పెట్టడు.

"స్టోరుకీపరు సస్పెండై ఉన్నాడు సిస్టర్. డీజిలు పోయిన కేసు. తాళంచెవి అతని దగ్గరుంది."

"అడిగి తీసుకోండి."

"విచారణ తేలేదాకా స్టోరు సాక్ష్యం కిందికొస్తుంది. తెరవకూడదు."

"విచారణ ఎవరు జరపాలి?"

"అధికారిని కౌన్సిల్ నియమించాలి."

"నియమిద్దాం."

"కౌన్సిల్‌కి కోరం ఉంటేగా సిస్టర్" అని డామన్స్ జాలిగా నవ్వాడు.

 ద్రీకా తన ముప్ఫై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో తాగుబోతుల్ని, పిచ్చెక్కినవాళ్ళని, మూడో పెళ్ళాం ముందు మొదటి పెళ్ళాంతో కొట్టుకున్నవాణ్ణి, అందర్నీ ఓర్చుకుంది. ఇంత ఓర్పు ఎప్పుడూ అవసరం పడలేదు.

"డామన్స్, రాయితో ఆ తాళం పగలగొడితే ఏమవుతుంది?"

"ఆడిట్‌లో మీ పేరు ఎక్కుతుంది. మోటారు తీసుకెళ్ళి మళ్ళీ లోపల పెట్టిస్తారు."

స్టోరును ఇద్దరు సాక్షుల ఎదుట తెరవాలని ద్రీకా ఒక తీర్మానం రాసింది. రెండు వాక్యాలు. దాన్ని గట్టెక్కించడానికి మూడు నెలలు పట్టింది. ఏడుగురిలో నలుగురుంటేనే కోరం, నాలుగు చేతులు లేస్తేనే తీర్మానం నెగ్గినట్టు. తీర్మానం చదవడం మొదలుపెట్టగానే ఫిలాండరూ, అతని పార్టీవాళ్ళిద్దరూ లేచి వాకౌట్ చేసేవాళ్ళు. వాళ్ళు పోతే సరిగ్గా నలుగురు మిగులుతారు. అప్పుడు అప్పీ లేచేవాడు.

"ఒక్క సిగరెట్టు సిస్టర్. ఇప్పుడే వస్తా."

"కూర్చో అప్పీ."

"గుండె దడగా ఉంది సిస్టర్. బయటి గాలి కావాలి."

వాడు గుమ్మం దాటగానే డామన్స్ గొంతు సవరించుకుని, "కోరం లేదు, సభ వాయిదా" అనేవాడు. మొదటిసారి ద్రీకా నమ్మింది. రెండోసారి వేడుకుంది. రెండుసార్లూ బయట ఫిలాండర్ కారు పక్కన నిలబడి, అప్పీకి అగ్గిపుల్ల గీసి ఇవ్వడం కిటికీలోంచి చూసింది.

మూడో సమావేశం రోజు ఉదయం ఇంట్లో వంటబల్ల మీద కౌన్సిల్ నియమాల పుస్తకం పరుచుకుని కూర్చుంది. గెర్ట్ బ్రెడ్ కాలుస్తూ, "అది బైబిలు కాదే, అంత దీక్షగా చదువుతున్నావ్" అన్నాడు.

"బైబిల్లో ఇన్ని వంకర్లు లేవు."

సమావేశం మొదలైంది. తీర్మానం చదివింది. ముగ్గురు పోయారు. అప్పీ లేచాడు. ద్రీకా ఈసారి కూర్చోమనలేదు. వాడు వరండాలోకి పోయి సిగరెట్టు వెలిగించుకునేదాకా ఆగి, సభ గంటా, హాజరుపట్టీ చేత్తో పట్టుకుని లేచింది.

"సభ వరండాలోకి మారింది. హెస్టర్, మీ కుర్చీ తెచ్చుకోండి."

డామన్స్ కంగారుగా వెంటపడ్డాడు. "సిస్టర్, అలా కుదరదు..."

"ఇరవై రెండో నియమం. మునిసిపల్ ఆవరణలో సభ ఎక్కడ జరగాలో అధ్యక్షులు నిర్ణయించవచ్చు. వరండా మనదేనా, కాదా?"

"మనదే."

"అయితే రాసుకోండి."

హెస్టరూ, ఆమె పార్టీ సభ్యుడూ కుర్చీలు ఈడ్చుకొచ్చి వేసుకున్నారు. జనం బెంచీలవాళ్ళు వాళ్ళ వెనక నిలబడ్డారు. కారు పక్కనున్న ఫిలాండర్ నవ్వు ఆగిపోయింది. అప్పీ కటకటాలకి ఆనుకుని, పొగ నోట్లోనే పెట్టుకుని ఉండిపోయాడు. ద్రీకా గంట కొట్టింది.

"నలుగురం ఉన్నాం. కోరం ఉంది. తీర్మానానికి అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి."

మూడు చేతులు లేచాయి.

"అప్పీ, చెయ్యెత్తు."

"చేతిలో సిగరెట్టుంది సిస్టర్."

"రెండో చెయ్యి ఎత్తు."

వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "ఎత్తరా అప్పీ! మీ అమ్మ కూడా మా వీధి కుళాయి దగ్గరే నిలబడుతుంది" అని అరిచింది. అప్పీ ఒకసారి కారు వైపు, ఒకసారి జనం వైపు చూసి, మెల్లిగా ఎడమచెయ్యి ఎత్తాడు.

మరుసటి రోజే స్టోరు తెరిచారు. మోటారు అట్టపెట్టెలో, సీలు కూడా విప్పకుండా ఉంది. తొమ్మిదో రోజుకి బిగించారు. ఆ పొద్దున ద్రీకా వీధి వీధీ తిరిగి కుళాయిలు చూసింది. ఎవరైనా ఒక మంచి మాట అంటారేమోనన్న ఆశ లేకపోలేదు. మొదటి ఇంట్లోంచి ఒకావిడ బకెట్ పట్టుకుని బయటికొచ్చింది.

"సిస్టర్, నీళ్ళు టీ రంగులో వస్తున్నాయి. ఇవా మీరిచ్చే నీళ్ళు?"

"ఏడాదిన్నర ఎండిన పైపు తల్లీ. పది నిమిషాలు పోనివ్వు."

"పోనిస్తే నీళ్ళు దండగ కదూ?"

ద్రీకా పక్కింటి కుళాయి వైపు నడిచింది.

పన్నెండు వారాల తర్వాత ఆమె మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. పెట్టింది ఫిలాండర్, బలపరిచింది అప్పీ ఫ్రోలిక్. మేయరు కుర్చీ అప్పీకిస్తామని పెద్ద పార్టీవాళ్ళు మాటిచ్చారు. నాలుగు చేతులు లేచాయి. ఈసారి అప్పీ చేతిలో సిగరెట్టు లేదు, కుడిచెయ్యే ఎత్తాడు. సభ ముగిశాక దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు.

"మనసులో పెట్టుకోకండి సిస్టర్. రాజకీయం వేరు, మన సంబంధం వేరు."

"నిన్ను బయటికి తేవడానికి మీ అమ్మకి ఇరవై గంటలు పట్టింది. తల ఓసారి ఇటు, ఓసారి అటు. ఎటూ తేల్చుకోవని నాకు ఆ రోజే తెలియాల్సింది."

గొలుసు కొక్కెం ఊడిరాక రెండు నిమిషాలు పెనుగులాడింది. చివరికి హెస్టర్ వెనకనుంచి విప్పింది. ఆ శనివారమే అప్పీ ఆ గొలుసు వేసుకుని మూడో బోరు దగ్గర రిబ్బను కత్తిరించి, ఫొటో తీయించుకున్నాడు. ఫొటోలో మోటారు మీద చెయ్యి వేసి, తానే నేలలోంచి పైకి లాగినట్టు నిలబడ్డాడు.

"హమ్మయ్య, రేపట్నుంచి ఇంట్లో ఉంటావన్నమాట" అన్నాడు గెర్ట్.

"మేయరు పదవే పోయింది. సభ్యత్వం ఉంది. ప్రతిపక్షంలో కూర్చుంటాను."

"కూర్చోవడమా? నువ్వా?" అన్నాడు గెర్ట్.

ప్రతిపక్షంలో ఆమెకున్న ఆయుధం రాతపూర్వకమైన ప్రశ్న. ప్రతి సమావేశానికీ మూడు ప్రశ్నలు రాసి ఇచ్చేది. క్లినిక్‌కి సొంత ట్యాంకు ఎప్పుడు? మురుగు బండి టైర్లు ఎప్పుడు? శ్మశానం గోడ ఎప్పుడు? అన్నిటికీ డామన్స్ దగ్గర ఒకటే జవాబు: "పరిశీలనలో ఉంది." దున్నపోతు మీద వాన కురిసినట్టే. ట్యాంకు గురించి పంతొమ్మిదిసార్లు అడిగింది. ఇరవయ్యోసారి ప్రశ్న కింద తనే "పరిశీలనలో ఉంది" అని రాసిచ్చి, "మీకు శ్రమ తగ్గించాను" అంది. డామన్స్ దాన్ని కూడా ఫైలు చేశాడు.

తర్వాతి జూన్ చివరి వారంలో బడ్జెట్ సమావేశం వచ్చింది. అది నెలాఖరులోగా గట్టెక్కకపోతే జులైలో ఊడ్చేవాళ్ళకి జీతం రాదు, బోరు జనరేటరుకి డీజిలు రాదు. ఈలోగా అప్పీకీ ఫిలాండర్‌కీ చెడింది. మేయరు కారు ఎవరు వాడాలన్న దగ్గర మొదలై మాటల్లేకుండా పోయాయి. ఫిలాండర్ సభకి రాకుండా పెట్రోలు బంకు దగ్గర కూర్చుని వెట్‌కూక్ తింటున్నాడు. వెట్‌కూక్ అంటే ఆ ఊరి బోండా. అతని పార్టీ ఇద్దరూ జీతాలకి భయపడి అప్పీ వెంట ఉన్నారు. అంటే ముగ్గురు. బడ్జెట్ నెగ్గాలంటే నాలుగో చెయ్యి కావాలి.

హెస్టర్ లేచింది. "మేం వాకౌట్ చేస్తున్నాం. రండి ద్రీకా. కోరం పోతుంది, బడ్జెట్ పోతుంది, వచ్చే వారానికి అప్పీ కూడా పోతాడు."

"జులైలో బోరుకి డీజిలో?"

"ఒక్క నెల కష్టపడతారు. తర్వాత మళ్ళీ మీరే మేయరు కావచ్చు."

హెస్టరూ ఆమె తోటి సభ్యుడూ గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఆగారు. సభంతా ద్రీకా వైపే చూస్తోంది. అప్పీ నుదురు తుడుచుకున్నాడు. ద్రీకాకి లేచిపోవాలనే ఉంది. ఆ గొలుసు అప్పీ మెడలో చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఒక్క అడుగు వేస్తే చాలు, ఆ గొలుసు ఊడిపోతుంది. కానీ ఆ నెల్లాళ్ళూ క్లినిక్ కుళాయిలో గాలి బుస్సుమంటుంది. కాళ్ళ మీద చేతులు గట్టిగా అదుముకుని కూర్చుంది.

"అప్పీ, పదకొండో పేజీ తియ్యి."

"తీశాను సిస్టర్."

"క్లినిక్ ట్యాంకు పద్దు కొట్టేశారు. తిరిగి రాయి. రాసి పైకి చదువు."

అప్పీ డామన్స్‌ని చూశాడు. డామన్స్ "దాన్ని పరిశీల..." అనబోయాడు. ద్రీకా చూసిన చూపుకి మిగతా ముక్క మింగేసి కలం అందించాడు. అప్పీ రాశాడు, చదివాడు. ద్రీకా చెయ్యెత్తింది. బడ్జెట్ నెగ్గింది.

బయట హెస్టర్ కారు తలుపు ఊరంతా వినేలా వేసింది. సాయంత్రానికల్లా సిస్టర్ అమ్ముడుపోయిందన్న మాట రూయిబ్లోక్ అంతా పాకింది. కొట్లో పిండి కొంటుంటే వెనక నిలబడ్డ ముసలాయన, "మనం ఓటేసింది ఫిలాండర్ పీడ వదిలించమని. నువ్వెళ్ళి అప్పీని నిలబెట్టొచ్చావు" అన్నాడు.

"నేను నిలబెట్టింది డీజిలు జనరేటర్ని, ఊమ్. మీ ఇంట్లో నీళ్ళొచ్చాయా ఇవాళ?"

"వచ్చాయనుకో. అయినా..."

"ఏమిటా అయినా?"

"అయినా అది పద్ధతి కాదు" అన్నాడాయన, పెద్దవాళ్ళని పిలిచే పద్ధతిలో ఊమ్ అని పిలిపించుకున్నందుకు కాస్త మెత్తబడుతూ.

నీళ్ళ సంఘం కూడా ఊరుకోలేదు. ద్రీకాను మందలించడానికి చర్చి హాల్లో కార్యవర్గ సమావేశం పెట్టారు. తొమ్మిదిమందిలో ఐదుగురుంటేనే చెల్లుతుంది. ద్రీకా వెళ్ళేసరికి నలుగురే కూర్చుని, తలుపు వైపు చూస్తున్నారు. మిగతావాళ్ళు రగ్బీ మ్యాచ్ ఉందని రాలేదు. అధ్యక్షుడు ఇబ్బందిగా, "కోరం లేదు సిస్టర్. వచ్చే వారం చూద్దాం" అన్నాడు.

ద్రీకా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాతో ఐదుగురం కదా. మొదలెట్టండి. మళ్ళీ వారం ఇక్కడికి రావడం నావల్ల కాదు."

మందలించారు. నలుగురూ చేతులెత్తారు. ద్రీకా వ్యతిరేకంగా ఎత్తింది. తీర్మానంలో రెండు అచ్చుతప్పులుంటే దిద్ది, సంతకం పెట్టించి, హాలు తాళం వేసి ఇంటికొచ్చింది. గెర్ట్ అంతా విన్నాడు. తర్వాత, "అయితే నిన్ను తిట్టడానికి కూడా నువ్వే వెళ్ళాల్సొచ్చిందన్నమాట" అని, ఆమె పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేశాడు.

ట్యాంకు ఎనిమిది నెలలకి వచ్చింది. వాననీళ్ళ గొట్టం ఒక పక్కనుంటే ట్యాంకు ఇంకో పక్కన దింపిపోయారు. దాన్ని జరిపించడానికి మరో ఆరు వారాలు పట్టింది. అప్పటికి నర్సుగా ద్రీకా రిటైరై పోయింది. ఆమె స్థానంలో వచ్చిన పిల్ల ఫోను చేసి, "సిస్టర్, నిండింది" అంటే, "మూత వెయ్యి, దోమలు చేరతాయి" అని పెట్టేసింది.

తర్వాతి ఎన్నికల్లో నీళ్ళ సంఘానికి రెండు సీట్లొచ్చాయి. మందలించినవాళ్ళే ఇంటింటికీ తిరిగి, "బడ్జెట్ నిలబెట్టింది మా సిస్టరే" అని ప్రచారం చేశారు. ద్రీకా మళ్ళీ గెలిచింది, మేయరు మాత్రం కాలేదు. పెద్ద పార్టీ నాలుగు సీట్లతో సొంతంగా వచ్చింది. కొత్త మేయరు ఎవరైనా డామన్స్ మాత్రం ఇంకా తాత్కాలికమే. హెస్టర్ ఏడాది పాటు ముభావంగా ఉండి, ఒక క్రిస్మస్‌కి గొర్రె తొడ పంపింది. అప్పీ చిత్తుగా ఓడిపోయి మళ్ళీ టాక్సీల దగ్గరికి పోయాడు.

అరవై నాలుగో ఏట ద్రీకా జిల్లా నీటి బోర్డు సమావేశానికి వెళ్ళాల్సొచ్చి టాక్సీ స్టాండుకి వెళితే, బయల్దేరే బండి అప్పీదే. వాడే నడుపుతున్నాడు. ముందు సీటు తుడిచి ఇచ్చాడు. వెనక పదమూడుమంది ఇరుక్కుని కూర్చున్నారు. ఊరు దాటాక అప్పీ బంగారు పన్ను కనపడేలా నవ్వాడు.

"సిస్టర్, ఒక మాట. పెద్ద పార్టీలో ఒకడు అటూ ఇటూగా ఉన్నాడట, రాజీనామా చేస్తాడంటున్నారు. ఉప ఎన్నిక వస్తే నేను నిలబడతా. మీ ఇద్దరు, హెస్టర్ ఒకరు, నేనొకణ్ణి. నలుగురం అవుతాం. ఏమంటారు?"

"అప్పీ."

"చెప్పండి సిస్టర్."

"గొర్రెలు అడ్డం వస్తున్నాయి. ముందు రోడ్డు చూడు."